మొరాయించిన కెమేరా

విజయవాడలోని ఆటోనగరు పేరు వినగానే లారీలు, లేతు మిషన్లు, వెల్డింగు మెరుపులు, సుత్తిదెబ్బల మోత స్ఫురించును. 1960వ దశకమున రూపుదిద్దుకొన్న ఈ పేటకు కృష్ణా డెల్టా నలుమూలల నుండి మొరాయించిన బండ్లు వచ్చి చేరును. ఇంజను కదలనపుడు అనుభవము గల మెకానిక్కు తొలుతనే దానిని విప్పివేయడు. బ్యాటరీలో శక్తి ఉన్నదా, డీజిలు అందుచున్నదా, గాలి దారి తెరచియున్నదా అని వరుసగా విచారించును. సులభమైన కారణములన్నియు పరీక్షించిన పిమ్మటనే స్పానరు చేతబట్టును. ఆ విద్యలోని మర్మమంతయు ఈ వరుసలోనే ఉన్నది.

బీరువా అడుగున ఏండ్ల తరబడి పడియున్న పాత ఫిల్ము కెమేరాకు కూడ ఇట్టి విచారణయే కావలెను. ఫోనుతోనే ఫొటోలు తీయుచున్న ఈ కాలమున తాతగారి కెమేరా బయటపడినపుడు, ఇంటిలోని పిల్లలు ఉత్సాహముతో మీటలు తిప్పుదురు. కదలకున్నచో బలముగా లాగుదురు. చివరకు అది చెడిపోయినదని తీర్పు చెప్పుదురు. ఈ తొందరపాటు వలన నష్టపోవునది యంత్రమొక్కటే కాదు. లోపల ఇంకను కడుగని ఫిల్ము ఉండవచ్చును. వెనుక తలుపు తెరచిన క్షణముననే, ఇక ఎన్నడును తిరిగి తీయరాని ముఖములు ఆ వెలుతురులో మాసిపోవును.

కావున మొదటి నియమము: తలుపు తెరువరాదు. కెమేరా ఎడమవైపు పైభాగమున ఫిల్మును వెనుకకు చుట్టు చిన్న పిడి యుండును. దానిని బాణపు గుర్తు చూపిన దిక్కుగా మెల్లగా త్రిప్పి చూడవలెను. ఏ పట్టును లేక వదులుగా తిరిగినచో లోపల ఫిల్ము లేకపోవచ్చును. చేతికి ఎదురుపట్టు తగిలినచో ఫిల్ము ఉన్నదని భావించి, అడుగున నున్న చిన్న బటనును నొక్కి, పట్టు వదలువరకు వెనుకకు చుట్టి, ఫిల్ము కడుగువారికి అప్పగించవలెను.

ఇచట చెప్పుచున్నది సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్, అనగా ఎస్.ఎల్.ఆర్. అను తరగతి కెమేరాను గురించి. ఇందు ఫిల్ముపై బింబమును నిలుపు కటకమే చూచువాని కంటికిని దృశ్యమును చూపును. కటకము వెనుక 45 డిగ్రీల వాలులో నిలిచిన అద్దము వెలుతురును పైకి మళ్లించును. పై నున్న పట్టకము దానిని కంటికి చేర్చును. బటను నొక్కగానే అద్దము పైకి లేచును, షట్టరు తెర తెరచుకొని మూసికొనును, అద్దము మరల క్రిందికి దిగును. జర్మనీలోని డ్రెస్డెను నగరమున 1936లో వెలువడిన కీన్ ఎగ్జాక్టా 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు ఈ పద్ధతిని తెచ్చినది. జపానులో 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ పత్రికా ఛాయాగ్రాహకుల చేతిలో ప్రసిద్ధి పొందినది. 1976 మొదలు 1997 వరకు తయారైన పెంటాక్స్ కె 1000 ఎందరో విద్యార్థులకు తొలి పాఠము చెప్పిన కెమేరా.

అడుగవలసిన రెండవ ప్రశ్న బ్యాటరీని గురించి. పెంటాక్స్ కె 1000లో బ్యాటరీ వెలుతురు మీటరుకు మాత్రమే అవసరము. అది లేకున్నను స్ప్రింగుల బలముతోనే షట్టరు పనిచేయును. అదే 1976లో వచ్చిన కానన్ ఏ.ఇ. 1లో షట్టరును నడపునది విద్యుత్తు. బ్యాటరీ నీరసించినచో బటను నొక్కినను చలనముండదు. చూచువారు చెడినదని తలతురు. కావలసినది క్రొత్త బ్యాటరీ మాత్రమే! బ్యాటరీ గదిలో తెల్లని లేక ఆకుపచ్చని పొర కనిపించినచో, ప్రత్తి పుల్లకు కొంచెము వెనిగరు అద్ది తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. మరికొన్ని పాత కెమేరాలు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీల కొరకు చేయబడినవి. వానిలో 1.5 వోల్టుల నేటి బ్యాటరీ వేసినచో మీటరు ఉన్నదానికంటె ఎక్కువ వెలుతురును చూపవచ్చును. ఆ మాట నమ్మి తీసిన ఫొటో చీకటిగా వచ్చును.

మూడవ ప్రశ్న షట్టరును గురించి. ఫిల్ము లేదని నిశ్చయించుకొన్న పిమ్మట వెనుక తలుపు తెరచి, ఫిల్ము జరుపు మీటను త్రిప్పి, ఒక్కొక్క వేగమున బటను నొక్కి చూడవలెను. సెకను వేగమును గడియారముతో సరిచూడవచ్చును. వేగము పెరిగిన కొలదియు తెర తెరచియుండు కాలము తగ్గుచున్నట్లు కంటికే తోచును. తెరను మాత్రము వ్రేలితో తాకరాదు. మీట కదలనిచో దానిపై బలము చూపరాదు. అది ఇదివరకే బిగించి యుండవచ్చును. అట్లయినచో బటను నొక్కిన చాలును.

నాలుగవ ప్రశ్న ఫిల్ము కదలుచున్నదా అనునది. ఫిల్ము వేసి, తలుపు మూసి, ఎడమవైపు పిడిని మెల్లగా త్రిప్పి లోపలి వదులు తీయవలెను. పిమ్మట మీట త్రిప్పినపుడెల్ల ఆ పిడి కూడ తిరుగుచున్నచో ఫిల్ము జరుగుచున్నట్లే. పిడి తిరుగక అంకె మాత్రము పెరుగుచున్నచో, 36 ఫొటోలు తీసినను మిగులునది శూన్యమే. పెండ్లిలో తీసిన ఫిల్ము తెల్లగా వచ్చినదని వాపోవుట కంటె, ఈ పిడిని ఒక్కసారి చూచుట మేలు.

ఇంత చేసినను దోషము దాగియుండవచ్చును. అపుడు సాక్ష్యము చెప్పునది కడిగిన నెగెటివే. ఫిల్మంతయు ఖాళీగా నుండి అంచున కంపెనీ ముద్రించిన అంకెలు మాత్రము స్పష్టముగా నున్నచో, కడిగినవారి తప్పు లేదు. ఫిల్ము కదలలేదు, లేక షట్టరు తెరచుకొనలేదు. అంకెలు కూడ లేకున్నచో లోపము కడుగుటలో నున్నది. ప్రతి ఫొటోలోను ఒకేచోట చుక్క పడుచున్నచో గుడ్డ తెరకు సూదిమొనంత రంధ్రము పడినదని అనుమానింపవలెను. అంచుల నుండి మసక చారలు లోపలికి ప్రాకినచో వెనుక తలుపు చుట్టునున్న స్పాంజి శిథిలమై వెలుతురు దూరుచున్నది. అధిక వేగములందు మాత్రమే చిత్రము ఒక ప్రక్క నల్లబడుచున్నచో షట్టరు తెరలు రెండును సమముగా పరుగెత్తుట లేదు. ఫ్లాషుతో తీసినపుడు సగము చిత్రమే వచ్చినచో దోషము యంత్రానిది కాదు. ఆ కెమేరాకు చెప్పిన ఫ్లాషు వేగమును మించి షట్టరును పెట్టినారన్న మాట. ఒకే రోగమనుకొన్నదానికి ఇన్ని కారణములు! రోగమొకటి, మందొకటి కాకుండుటకే ఈ విచారణ.

కృష్ణా డెల్టా గాలికి కెమేరాలతో పాత వైరము కలదు. ఎండాకాలమున విజయవాడలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకిన సందర్భములు కలవు. ఆ వేడికి కటకములోని గ్రీజు పలుచబడి, వెలుతురు రంధ్రమును పెంచి తగ్గించు సన్నని రేకులపైకి ప్రాకును. రేకులు అంటుకొని, ఎఫ్ 16కు పెట్టినను రంధ్రము మూసికొనదు. వర్షాకాలపు చెమ్మలో కటకముపై సాలెగూటి వంటి బూజు పట్టును. అది ముదిరినచో గాజుపై పూతను తినివేయును. తోలు సంచిలో బిగించి దాచుట వలన మేలుకంటె కీడే ఎక్కువ; తోలు చెమ్మను పట్టి యుంచును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచి, నెలకొకసారి తీసి షట్టరును నడిపించుట సులభమైన రక్ష. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

బండి వైద్యమునకును కెమేరా వైద్యమునకును గల తేడా ఇచటనే తెలియును. తుప్పుపట్టిన బోల్టుకు నూనె చల్లి, పెద్ద స్పానరుతో బలము చూపుట లారీ క్రింద ఫలించును. కెమేరాలో ఆ నూనె చుక్కయే శత్రువు. అది పండ్ల చక్రముల నుండి షట్టరు తెరకును రేకులకును ప్రాకి, చేయి పెట్టరాని చోట జిగటగా మారును. జపాను కెమేరాల మరలకు సరిపడని స్క్రూడ్రైవరు పెట్టి బలవంతము చేసినచో మర తల అరిగిపోవును. విచారించు వరుస రెండింటికిని ఒక్కటే. చేయి మాత్రము వేరు. ప్రశ్నలన్నియు తీరినను కారణము తెలియకున్నచో, అక్కడ ఆగి కెమేరాలు బాగుచేయు నేర్పరికి అప్పగించుటయే విజ్ఞత.

మీటరు పూర్తిగా చచ్చినను ఫొటో తీయుట మానవలసిన పని లేదు. తీక్ష్ణమైన ఎండలో రంధ్రమును ఎఫ్ 16 వద్ద నుంచి, ఫిల్ము ఐ.ఎస్.ఓ. అంకెకు దగ్గరి వేగమును పెట్టవలెను. 100 అంకె గల ఫిల్ముకు సెకనులో 125వ వంతు సరిపోవును. పలుచని మబ్బు కమ్మిన ఎఫ్ 11, దట్టమైన మబ్బుకు ఎఫ్ 8 లేక 5.6, నీడలో ఎఫ్ 4. ఒక్కొక్క మెట్టు దిగిన కొలదియు లోపలికి వచ్చు వెలుతురు రెట్టింపగును. నెగెటివు ఫిల్ము విషయమున సందేహము కలిగినచో ఒక మెట్టు వెలుతురు ఎక్కువ యిచ్చుటయే క్షేమము.

భౌతికశాస్త్రపు తరగతిలో కటకము, పట్టకము, పరావర్తనము వేర్వేరు పాఠములుగా చెప్పబడును. ఈ ఒక్క యంత్రమున అవి మూడును కలిసి పనిచేయుట విద్యార్థి చేతితో పట్టి చూడగలడు. అంతకంటె పెద్ద పాఠము మరొకటి కలదు: కారణము తెలియక ముందు బలము చూపుట తెలివి కాదు. ఆ పాఠము నేర్చిన బాలుడు పాత కెమేరాను మాత్రమే కాదు, అందులో ఎవరో ఎన్నడో తీసి మరచిన ముఖములను కూడ కాపాడగలడు.