స్విచ్‌గేర్, స్విచ్‌బోర్డు, పంపిణీ ప్యానెల్ – వ్యవసాయ విద్యుత్తులో వాటి భేదాలు

వ్యవసాయ బావి వద్ద అమర్చిన స్టార్టరు డబ్బాను, శీతల గిడ్డంగిలోని నిలువెత్తు ఇనుప అరలను, ఇంటి గోడపై ఉండే చిన్న పెట్టెను వాడుకలో ‘కరెంటు బోర్డు’ అనే ఒకే పేరుతో వ్యవహరిస్తారు. అయితే వీటి విధులు వేరు. ఒకదాని పనిని మరొకటి చేస్తుందని భావించడం వలన మోటార్లు కాలిపోవడమే గాక ప్రాణాలకు సైతం ముప్పు వాటిల్లుతుంది.

స్విచ్‌గేర్: విద్యుత్ వలయాన్ని కలపడానికి, విడదీయడానికి, లోపం ఏర్పడినపుడు ప్రవాహాన్ని ఛేదించడానికి తోడ్పడే పరికరాల సమూహానికి ఇది సాధారణ నామం. ఫ్యూజు, ఐసొలేటరు, సర్క్యూట్ బ్రేకరు ఈ కోవకు చెందుతాయి. సబ్‌స్టేషన్లలో 11 కిలోవోల్టుల ఫీడర్లను నియంత్రించే వాక్యూమ్ బ్రేకర్లు లోహపు అరలలో ఉంటాయి. లోపాన్ని రిలే గుర్తించగానే బ్రేకరు తెరచుకుంటుంది.

స్విచ్‌బోర్డు: ట్రాన్స్‌ఫార్మరు నుండి అల్పవోల్టేజి విద్యుత్తును స్వీకరించి, బస్‌బార్ల ద్వారా పెద్ద శాఖలుగా విభజించే సముదాయమిది. రైస్ మిల్లులు, శీతల గిడ్డంగులు, పెద్ద పరిశోధన క్షేత్రాలలో దీని అవసరం కలుగుతుంది. బ్రేకర్లు, మీటర్లు ఇందులోనే ఉంటాయి. అనగా స్విచ్‌గేర్ పరికరం కాగా, స్విచ్‌బోర్డు ఆ పరికరాల కూర్పు.

పంపిణీ ప్యానెల్: స్విచ్‌బోర్డు శాఖ నుండి దీపాలు, సాకెట్లు, చిన్న మోటార్లకు విద్యుత్తును అందించే చివరి అంచె ఇది. ఐ.ఎస్./ఐ.ఇ.సి. 61439 ప్రమాణంలోని మూడవ భాగం సామాన్యులు వినియోగించే పంపిణీ బోర్డులకు సంబంధించినది. దీని ప్రకారం లోనికి వచ్చే విద్యుత్తు 250 ఆంపియర్లకు, వెలుపలికి పోయే ఒక్కొక్క శాఖ 125 ఆంపియర్లకు మించరాదు. శిక్షణ లేని వారు కూడా తాకే పరికరం గనుక ఈ పరిమితి విధించబడింది.

ఈ భేదం బావి వద్ద స్పష్టమవుతుంది. 5 అశ్వశక్తుల త్రీఫేజ్ మోటారు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. 4.5 శాతం ఇంపెడెన్స్ గల 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు చెంతనే షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే దాదాపు 3,000 ఆంపియర్లు ప్రవహించగలవు. స్టార్టరులోని కాంటాక్టరు మోటారును నడపడానికి, ఓవర్‌లోడ్ రిలే అధిక భారం నుండి కాపాడడానికి ఉద్దేశించినవి. అంతటి లోప ప్రవాహాన్ని ఛేదించడం వాటి పని కాదు. ఆ బాధ్యత ముందున్న ఫ్యూజు లేక బ్రేకరుదే. కరిగిన ఫ్యూజు స్థానంలో మందపాటి రాగి తీగ చుట్టినచో ఆ రక్షణ పూర్తిగా తొలగిపోతుంది.

స్టార్టరులోని ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగుతుంది. కానీ సరఫరా వచ్చే టెర్మినళ్లలో విద్యుత్తు అలాగే ఉంటుంది. కరెంటు పోయినపుడు మోటారును తాకుట మరింత ప్రమాదకరం. ఆటో స్టార్టరు ఉన్నచో సరఫరా తిరిగి రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. కావున మరమ్మతుకు ముందు మెయిన్ స్విచ్‌ను విడదీసి, ఫ్యూజులు తొలగించి, విద్యుత్తు లేదని పరీక్షించవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్ద గల ఏ.బి. స్విచ్‌ను, ఫ్యూజులను విద్యుత్ సంస్థ సిబ్బంది మాత్రమే ముట్టవలెను.

ఎర్తింగు విషయంలోనూ పొరపాటు తగదు. మోటారు బాడీకి విద్యుత్తు చేరినపుడు ఎర్తు మార్గపు నిరోధం 20 ఓమ్‌లు ఉంటే 240 వోల్టుల వద్ద ప్రవహించేది 12 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కరగదు. బాడీ ప్రమాదకర స్థితిలోనే నిలిచిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పనిచేసే ఆర్.సి.సి.బి. ఇటువంటి సందర్భంలో ప్రాణరక్షణ కల్పిస్తుంది.

కనుక క్షేత్ర సందర్శనలలో విస్తరణ సిబ్బంది బోర్డు ఉన్నదా అని మాత్రమే విచారించుట చాలదు. షార్ట్ సర్క్యూట్‌ను ఛేదించే పరికరమేది, సరఫరాను పూర్తిగా విడదీసేదేది, లీకేజీని గుర్తించేదేది అని మూడు ప్రశ్నలు వేయవలెను. వీటిలో ఏ ఒక్కదానికి సమాధానం లభించకున్నా, మోటారు సక్రమంగా నడుస్తున్నప్పటికీ ఆ అమరిక సురక్షితం కాదని రైతుకు తెలియజేయవలెను.