రెండంతస్తుల రూబిక్ పెట్టె

హంగరీ దేశమున 1974వ సంవత్సరమున ఎర్నో రూబిక్ కల్పించిన రంగుల ఘనమును చూడని విద్యార్థి యరుదు. దాని మూడు వరుసలలో నొకటి తీసివేసి, రెండంతస్తులు మాత్రమే యుంచినచో నది ఘనముగాక పెట్టె యగును. దీనికి డామినో యని పేరు.

దీనిని త్రిప్పబూనిన వారికి మొదట విసుగు పుట్టును. పై వరుసయు క్రింది వరుసయు పావు చుట్టు చొప్పున తిరుగునుగాని, నాలుగు ప్రక్కలును అర చుట్టు తిరిగినగాని కుదురుకొనవు. ఇది పనివాని లోపము కాదు. బల్లపై నొక పలకనుంచి దాని చుట్టును గీత గీయుడు. పలకను పావు చుట్టు త్రిప్పినచో గీతలో నిముడదు. అర చుట్టు త్రిప్పినచో నిముడును. చదరపు పలకయైనచో నాలుగు విధములను ఇముడును. పెట్టె ప్రక్కతలము మూడు గడుల వెడల్పును రెండు గడుల యెత్తును గల దీర్ఘచతురస్రము గదా! (ఆకారము చెడునట్లుగా తిరుగు పెట్టెలును కలవు, వాని మాట వేఱు.)

ఇందువలన పైకి చూచు ముఖము పైననో క్రిందనో యుండునేగాని ప్రక్కకు రాదు. ఎనిమిది మూలలకును ఎనిమిది అంచులకును చోట్లు కుదిర్చిన చాలును. మూలల నమర్చు విధములు 40,320. అంచుల విధములును అన్నియే. ఈ రెంటిని గుణించి, పెట్టెను నాలుగు దిక్కులకు త్రిప్పి చూచినంతమాత్రమున క్రొత్త యమరిక కాదు గనుక నాల్గింట భాగించినచో 40,64,25,600 వచ్చును. ఘనము యొక్క విధములను వ్రాయుటకు 20 అంకెలు కావలెను.

అయినను దీనిని పసివారి ఘనమనుట మాకు సమ్మతము కాదు. ఘనమున తక్కినవన్నియు సరిగానుండి రెండంచులు మాత్రమే తారుమాఱగుట అసంభవము. ఏలయన, అచ్చట పావు చుట్టు త్రిప్పినపుడెల్ల నాలుగు మూలలును నాలుగంచులును కూడియే కదలును. పెట్టె ప్రక్కను అర చుట్టు త్రిప్పినపుడో, మూలలు రెండు జతలు చోటు మార్చుకొనగా అంచులు ఒక్క జతయే మార్చుకొనును. అచ్చటి కట్టు ఇచ్చట తెగినది. ఘనము నేర్చినవారు తుదకు రెండంచులు తారుమాఱై మిగులుట చూచి పెట్టె చెడినదందురు. చెడలేదు, ఆ రెంటిని మార్చుటకు దారి కలదు.

మఱొక విశేషము. హెర్బర్ట్ కొసియెంబా యను జర్మను దేశీయుడు 1992లో చూపిన పద్ధతిలో, ఘనమును ముందుగా ఈ పెట్టెవలె త్రిప్పియే ముగింపదగిన స్థితికి తెచ్చి, పిదప ముగింతురు. అర చుట్టును ఒకే త్రిప్పుగా నెంచినచో, ఘనమున నెట్టి చిక్కైనను 20 త్రిప్పులకు మించదని 2010లో కంప్యూటర్ల సాయమున నిరూపించిన నలుగురిలో నాయన యొకరు.

క్రొత్తగా నేర్చువారు ఒక్క యంతస్తే గల ఫ్లాపీ యను బిళ్లతో నారంభింపవచ్చును. దాని విధములు 192 మాత్రమే; ఓపిక గలవారు అన్నిటిని ఒక నోటుపుస్తకమున వ్రాసి చూడవచ్చును.