చిగుళ్ళ వ్యాధి – లోతుగా గార తీసే చికిత్స

ఉపోద్ఘాతం

పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్మిలో రక్తపు చార కనిపిస్తే చాలామంది పట్టించుకోరు. కొందరు భయపడి ఆ చోట బ్రష్ పెట్టడమే మానేస్తారు. కొన్నేళ్ళకు పళ్ళు కదలడం మొదలైతే "వయసు మీద పడింది, ఇక ఊడక తప్పదు" అని సరిపెట్టుకుంటారు. కానీ పళ్ళు ఊడేది వయసు వల్ల మాత్రమే కాదు. చాలాసార్లు దానికి కారణం చిగుళ్ళ వ్యాధి. దీన్ని సకాలంలో గుర్తిస్తే అదుపు చేయవచ్చు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పెద్ద రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచే శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పనుల కోసం అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. ఈ పాఠంలోని ఉదాహరణలను ఆ పట్టణ జీవితం నుంచి తీసుకున్నాం. మీరు ఎక్కడ ఉన్నా ఇవి మీకు ఉపయోగపడతాయి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాచికీ గారకూ తేడా చెప్పగలుగుతారు.
• చిగుళ్ళ వ్యాధి ముదిరే క్రమాన్ని వివరించగలుగుతారు.
• లోతుగా గార తీసే చికిత్స ఎప్పుడు అవసరమో, దాని వల్ల ఏం జరుగుతుందో, ఏం జరగదో తెలుసుకుంటారు.

1. పాచి, గార

ఉదయం లేవగానే పళ్ళ మీద నాలుక ఆనిస్తే జిగటగా తగులుతుంది. అదే పాచి. అది కేవలం తిండి తునకల పొర కాదు, కోట్ల సూక్ష్మజీవులు కట్టుకున్న పొర. పాచి మెత్తగా ఉంటుంది కాబట్టి బ్రష్‌తో పోతుంది. తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజ లవణాలు చేరి కొన్ని రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అలా గట్టిపడినదే గార. గార బ్రష్‌తో పోదు. దాని గరుకు ఉపరితలం మీద కొత్త పాచి ఇంకా సులువుగా పేరుకుంటుంది.

పాచి వల్లనే చిగుళ్ళు వాస్తాయని రుజువు చేసిన ప్రయోగం 1965లో వెలువడింది. డెన్మార్క్‌లో హెరాల్డ్ లోయె, ఆయన సహచరులు దీన్ని చేశారు. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మంది పళ్ళు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే వాపు తగ్గిపోయింది. దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఇది: రక్తం కారుతోందంటే అక్కడ శుభ్రత చాలలేదని అర్థం. బ్రష్ మానేస్తే వ్యాధి పెరుగుతుంది.

2. వ్యాధి ముదిరే క్రమం

మొదటి దశలో చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే రక్తం వస్తుంది. ఎముకకు ఇంకా నష్టం జరగదు. ఈ దశలో శుభ్రం చేసుకుంటే చిగురు పూర్తిగా బాగుపడుతుంది.

నిర్లక్ష్యం చేస్తే కొందరిలో వ్యాధి రెండో దశకు చేరుతుంది. చిగురు పంటి నుంచి విడిపోయి మధ్యలో సంచి లాంటి సందు ఏర్పడుతుంది. పాచి, గార ఆ సందులోకి దిగుతాయి. పంటిని పట్టి ఉంచే ఎముక క్రమంగా కరిగిపోతుంది. నోటి దుర్వాసన, చీము, పళ్ళ మధ్య ఖాళీలు, చివరకు పన్ను కదలడం దీని లక్షణాలు. దీన్నే జనం పయోరియా అంటారు. చాలా కాలం నొప్పి ఉండదు కాబట్టి ఈ వ్యాధి మోసం చేస్తుంది.

డాక్టరు గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరంతో ఈ సందు లోతు కొలుస్తారు. లోతు 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే సాధారణం. 4 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, రక్తం కూడా వస్తుంటే చికిత్స గురించి ఆలోచిస్తారు. ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది.

పాఠంలోని ప్రశ్నలు – 1
(అ) బ్రష్‌తో పోయేది ఏది: పాచా, గారా?
(ఆ) చిగురు నుంచి రక్తం వస్తే అక్కడ తోముకోవడం మానవచ్చా?

3. లోతుగా గార తీయడం ఎందుకు?

రైలు మార్గాన్ని గమనించండి. పట్టాల కింద స్లీపర్లు, వాటి కింద కంకర ఉంటాయి. కంకరలో మట్టి నిండితే నీరు దిగదు, స్లీపర్లు కుంగుతాయి. పైన ఊడ్చినంత మాత్రాన లాభం ఉండదు. కంకరను లోతుగా తవ్వి, జల్లించి, మట్టిని తీసివేయాలి. రైల్వేలో దీన్ని డీప్ స్క్రీనింగ్ అంటారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే పని చేసేవారికి ఇది తెలిసిన మాటే.

పంటి విషయం కూడా ఇలాంటిదే. మామూలు క్లీనింగ్‌లో ఎక్కువగా పైకి కనిపించే గార, చిగురు అంచున ఉన్న గార తీస్తారు. లోతైన శుభ్రతలో చిగురు కింద వేరు మీద పేరుకున్న గారను కూడా తీసి, వేరును నునుపు చేస్తారు. దీని వైద్య నామం స్కేలింగ్ అండ్ రూట్ ప్లానింగ్.

అయితే ఒక తేడా ఉంది. కంకర తగ్గితే కొత్త కంకర పోయవచ్చు. కరిగిన ఎముక ఈ చికిత్సతో మళ్ళీ ముందులా పెరగదు. చికిత్స చేసేది వ్యాధిని ఆపడమే. అందుకే పన్ను కదిలేవరకు ఆగకూడదు.

4. చికిత్స జరిగే తీరు

అవసరమైన చోట మత్తు సూది వేస్తారు. సెకనుకు వేలసార్లు కంపించే పరికరం గారను విడగొడుతుంది. దాని నుంచి వచ్చే నీరు గార తునకలను కడిగేస్తుంది. సన్నని చేతి పరికరాలతో మిగిలినదాన్ని గీకి తీస్తారు. సాధారణంగా నోటిని భాగాలుగా విడదీసి రెండు నుంచి నాలుగు సార్లు రమ్మంటారు. కొన్ని వారాల తరువాత సందుల లోతు మళ్ళీ కొలుస్తారు. లోతు తగ్గని చోట చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్ అవసరం కావచ్చు.

కొద్ది రోజులు చిగుళ్ళు నొప్పిగా ఉండవచ్చు. చల్లనివి తగిలితే పళ్ళు జివ్వుమనడం కొన్ని వారాలు ఉండవచ్చు. మెత్తని బ్రష్ వాడండి, గోరువెచ్చని ఉప్పు నీటితో పుక్కిలించండి. రక్తం ఆగకపోయినా, వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరును కలవండి.

చికిత్సకు ముందే ఈ విషయాలు డాక్టరుకు చెప్పండి: షుగరు, గుండె జబ్బు, గర్భం, రక్తం పలుచబరిచే మందులు. ఆ మందులను మీ అంతట మీరు ఆపకండి.

5. మూడు అపోహలు

"గార తీస్తే పళ్ళు వదులవుతాయి." పంటిని నిలబెట్టేది ఎముక, గార కాదు. ఎముక ముందే కరిగిన చోట గార పోగానే ఉన్న కదలిక బయటపడవచ్చు.

"గార తీస్తే పళ్ళ మధ్య ఖాళీలు వస్తాయి." ఆ ఖాళీల్లో అంతవరకు గార ఉండేది. వాపు తగ్గి చిగురు బిగుసుకున్నప్పుడు అవి కనిపిస్తాయి.

"మాత్రలు వేసుకుంటే చాలు." ఏ మాత్రా గారను కరిగించలేదు. కొన్ని సందర్భాల్లో డాక్టరు మందు రాస్తారు, కానీ అది శుభ్రతకు బదులు కాదు.

6. పొగాకు, షుగరు

తూర్పు భారతంలో కొందరు గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్ళు రుద్దుతారు. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, నిప్పు నోటిలోపల ఉంచి చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్నవారు. పళ్ళపొడి, పేస్టుల్లో పొగాకు వాడకాన్ని భారత ప్రభుత్వం 1992లో నిషేధించింది. పొగతాగేవారిలో రక్తనాళాలు కుంచించుకుపోవడం వల్ల చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. వ్యాధి లేదని వారు పొరబడతారు, లోపల ఎముక మాత్రం కరుగుతూ ఉంటుంది. చికిత్స ఫలితం కూడా వారిలో తక్కువ. పొగాకు నోటి క్యాన్సరుకు కూడా దారితీస్తుంది.

షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ వ్యాధి పెరుగుతుంది. చిగుళ్ళ వ్యాధి ముదిరితే షుగరు అదుపు చేయడం కష్టమవుతుంది.

7. ఎక్కడికి వెళ్ళాలి?

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగులకు, వారి కుటుంబాలకు రైల్వే ఆసుపత్రి ఉంది. మిగిలినవారు ప్రభుత్వ మహకుమా ఆసుపత్రిలో అడగవచ్చు. కోల్‌కతాలో ప్రభుత్వ డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల ఉంది. డాక్టర్ రఫియుద్దీన్ అహ్మద్ 1920లో స్థాపించిన ఈ కళాశాల దేశంలో మొదటి దంత వైద్య కళాశాల. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైలులో సుమారు 115 కిలోమీటర్లు.

డాక్టరుకు తెలుగు రాకపోతే బెంగాలీలో "మాడి దియే రొక్తో పొడే" అని చెప్పండి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని దాని అర్థం.

సారాంశం

పాచి గట్టిపడితే గార. గార చిగురు కిందికి దిగితే ఇంట్లో తీయలేం. లోతైన శుభ్రత వ్యాధిని ఆపుతుంది, పోయిన ఎముకను తిరిగి తేదు. చికిత్స తరువాత రోజుకు రెండుసార్లు చిగురు అంచున మెత్తగా తోముకోవాలి, పళ్ళ సందులు శుభ్రం చేసుకోవాలి. మొదట్లో సుమారు మూడు నెలలకొకసారి డాక్టరుకు చూపించుకోవాలి. ఇవి మానేస్తే వ్యాధి తిరిగి వస్తుంది.

చేసి చూడండి

అద్దం ముందు వెలుతురులో నిలబడి మీ చిగుళ్ళను చూడండి. ఎరుపు, వాపు, రక్తం, కదిలే పన్ను ఉన్నాయా? ఉంటే రాసుకోండి. ఆ కాగితంతో ఈ నెలలోనే దంత వైద్యుని దగ్గరికి వెళ్ళండి. మీ ఇంట్లో నలభై దాటినవారిని కూడా ఇలాగే చూడండి.

ప్రశ్నలు – 1 జవాబులు
(అ) పాచి. (ఆ) మానకూడదు. మెత్తని బ్రష్‌తో తోముకోవాలి, రక్తం ఆగకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.