నీటి తీరువాకు కొలత పంటే

అరకులోయ: కొండ గెడ్డకు మీటరు లేదు. ఏ మడిలోకి ఎంత నీరు పారిందో చెప్పే సాధనమూ లేదు. అయినా ఎక్కువ నీరు తాగే పంటకు ఎక్కువ తీరువా పడుతుంది.

ప్రభుత్వ నీటి వనరుల కింద సాగయ్యే భూమికి తీరువా విధించే చట్టం 1988లో వచ్చింది. 1996లో ధరలు సవరించారు. భారీ, మధ్యతరహా ప్రాజెక్టుల కింద మొదటి వరి పంటకు ఎకరాకు 200 రూపాయలు, ఆరుతడి పంటకు 100 రూపాయలు నిర్ణయించారు. చిన్న వనరుల కింద వరికి 100, ఆరుతడికి 60. చేపలు, రొయ్యల చెరువులకు ఏడాదికి ఎకరాకు 500.

ఈ ధరల ప్రకారం చిన్న వనరు కింద రెండెకరాలూ వరి వేస్తే తీరువా 200 రూపాయలు. ఒక ఎకరం వరి, మరో ఎకరం ఆరుతడి వేస్తే 160.

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నీరే దిగువన తాటిపూడి జలాశయానికి చేరుతుంది. అది మధ్యతరహా ప్రాజెక్టు కనుక దాని కింద వరికి హెచ్చు ధర వర్తిస్తుంది. ఏడాదిలో ఎంతకాలం, ఎంత నమ్మకంగా నీరు అందుతుందన్నదే ఈ తేడాకు మూలం.

అయితే ఎకరాల లెక్కలో పొదుపుకు విలువ లేదు. కాలువ మొదట్లో మడి నిండి పొర్లినా, చివర మడి సగమే తడిసినా వరికి తీరువా ఒకటే.

ఈ చిక్కు తీర్చవలసింది రైతులే. 1997 చట్టం ప్రకారం ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు వంతులు వేయడం, కాలువలు బాగుచేయడం బాధ్యతలు. అవసరాలకు రుసుము వసూలు చేసే వీలూ ఉంది. మొదటి మడివాడితో సమానంగా తీరువా కట్టిన చివరి మడి రైతు, సమానంగా నీరు అడగడం న్యాయమే.