పది నానోసెకన్ల మొండితనం

"సార్, 6000 సీఎల్30 కొనాలా, 7200 సీఎల్36 కొనాలా?"

డిప్లొమా మూడో సంవత్సరం క్లాసులో ఫ్లిప్‌ఫ్లాప్ బొమ్మ గీస్తుండగా వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అడిగిన అమ్మాయి వాళ్ళ అన్నయ్య పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. అతని కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొత్త కంప్యూటర్‌కు సామాను ఏరుకుంటున్నారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తేలిపోయాయి కానీ ర్యామ్ దగ్గర ఆగిపోయారు. ఒక షాపులో రెండంకెలూ పెద్దగా ఉన్నదే మంచిదని చెప్పారట. "సీఎల్ అంటే ఆలస్యం కదా సార్, ఆలస్యం పెద్దదైతే మంచిదెలా అవుతుంది?" అన్నది ఆమె సందేహం.

సగం గీసిన బొమ్మ చెరిపేసి బోర్డు మీద ఒక లెక్క వేశాను. సీఎల్ అంకెను 2000తో హెచ్చించి, వేగం అంకెతో భాగించాలి. 30కి 60,000 వస్తుంది, 6000తో భాగిస్తే 10. 36కి 72,000 వస్తుంది, 7200తో భాగిస్తే మళ్ళీ 10. అంటే అడిగిన గడి నుంచి మొదటి బిట్టు బయటికి రావడానికి రెండింటికీ పట్టేది పది నానోసెకన్లే. అక్కడితో ఆగకుండా పాత తరాల ర్యామ్‌ల అంకెలు కూడా రాశాను. డీడీఆర్4లో 3200 సీఎల్16. డీడీఆర్3లో 1600 సీఎల్8. ఈ పిల్లలు పుట్టకముందు నాటి మొదటి తరం డీడీఆర్‌లో 400 సీఎల్2. ఏది వేసినా పదే. క్లాసంతా నోట్సు రాయడం ఆపి బోర్డు వంక చూసింది.

400 నుంచి 7200కి వేగం పద్దెనిమిది రెట్లు పెరిగింది. ఆ పది మాత్రం మొండిగా అక్కడే కూర్చుంది. పది నానోసెకన్లలో కాంతి మూడు మీటర్లు పోతుంది, అంటే మా నల్లబోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు. ప్రాసెసర్లు ఇంత మారిపోయినా ఇది ఎందుకు మారలేదన్న ప్రశ్న నన్ను ఎన్నో ఏళ్ళుగా పట్టుకుని ఉంది. జవాబు ర్యామ్ చిప్ లోపల, 1966లో ఒక మనిషికి తన ఇంటి సోఫాలో తట్టిన ఆలోచనలో ఉంది.

ఆయన రాబర్ట్ డెనార్డ్. న్యూయార్క్ రాష్ట్రంలో యార్క్‌టౌన్ హైట్స్ అనే చోట ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేసేవాడు. అప్పట్లో ఆయన బృందం ఒక్క బిట్టును దాచడానికి ఆరు ట్రాన్సిస్టర్లు వాడుతోంది. అదే సంస్థలో మరో బృందం అయస్కాంతపు పొరలతో మెమరీ చేస్తోంది. ఒకరోజు వాళ్ళ ప్రసంగం విని ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ పద్ధతి అంత సులువుగా ఉంటే తనది ఇంత చిక్కుగా ఎందుకుందన్నదే ఆ సాయంత్రం ఆయన మనసును తొలిచింది. బిట్టును ఒక చిన్న కెపాసిటర్‌లో ఛార్జిగా దాచవచ్చు కదా, ఛార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్న అనుకున్నాడు. దాన్ని తెరవడానికీ మూయడానికీ ట్రాన్సిస్టర్లు కావాలి. తగ్గిస్తూ తగ్గిస్తూ పోయి చివరికి ఒకే ట్రాన్సిస్టర్, ఒకే కెపాసిటర్ దగ్గర నిలిచాడు. 1968లో పేటెంటు వచ్చింది. మన ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో ఉన్న ర్యామ్‌లో ఇప్పటికీ ఉన్నది ఆ గడే.

ఇంత సులువైనదానికి రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది, ఆ కెపాసిటర్ చిల్లికుండ. ఛార్జి ఎటో ఒకవైపు కారిపోతూనే ఉంటుంది. డీడీఆర్4లో 64 మిల్లీసెకన్లకు ఒకసారి, డీడీఆర్5లో 32 మిల్లీసెకన్లకు ఒకసారి ప్రతి గడినీ మళ్ళీ నింపాలి. రెండోది ఇంకా ఘోరం. చదవాలని తలుపు తెరిస్తే చాలు, ఉన్న ఛార్జి బయటికి ఒలికిపోతుంది, చూసిన క్షణంలోనే చెరిగిపోతుంది. ఇలాంటి దాన్ని నమ్మి జ్ఞాపకం అప్పగించడం ఎలా?

దీనికి దొరికిన ఉపాయం నాకు ఎలక్ట్రానిక్స్ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైనది. దాని పేరు సెన్స్ యాంప్లిఫయర్. బంగారం తూచే త్రాసును తలచుకోండి. రెండు పళ్ళేలూ సరిసమానంగా నిలబడి ఉన్నాయి. ఒక పళ్ళెంలో గురిగింజ పడితే చాలు, ముల్లు కదులుతుంది. చిప్‌లో ఆ రెండు పళ్ళేలు రెండు సన్నని తీగలు, వాటిని బిట్‌లైన్లు అంటారు. చదవబోయే ముందు రెండింటినీ సరిగ్గా సగం వోల్టేజీకి తెచ్చి వదిలేస్తారు. డీడీఆర్5కి ఇచ్చే 1.1 వోల్టులనే పట్టుకుని లెక్కేస్తే సగం అంటే 0.55 వోల్టులు. ఇప్పుడు గడి తలుపు తెరుచుకుంటుంది. గడి ఖాళీగా ఉంటే తీగలోని ఛార్జి కాస్త అందులోకి దిగుతుంది, నిండుగా ఉంటే గడిలోది కాస్త తీగలోకి వస్తుంది. తీగ పొడుగు, గడి చిన్నది. అందుకే వచ్చే తేడా వోల్టులో పదో వంతు ఉంటే గొప్ప. అదీ మన గురిగింజ.

త్రాసు దగ్గర ముల్లు చూసేందుకు మనిషి ఉంటాడు. ఇక్కడ త్రాసే తనను తాను తోసుకుంటుంది. రెండు తీగల మధ్య ఉన్న ట్రాన్సిస్టర్లను ఒకదానికొకటి ఎదురెదురుగా కలిపారు. ఏ తీగ వెంట్రుకవాసి పైకి లేచిందో అది రెండోదాన్ని కిందికి తొక్కుతుంది. కిందికి పోయినది తిరిగి దీన్ని ఇంకా పైకి ఎత్తుతుంది. ఎత్తేకొద్దీ తొక్కుతుంది, తొక్కేకొద్దీ లేస్తుంది. కొన్ని నానోసెకన్లలో ఒకటి నిండు వోల్టేజీకీ, రెండోది సున్నకూ చేరిపోతాయి. సందేహం మిగలదు.

గడి తలుపు ఇంకా తెరిచే ఉందని గుర్తుంచుకోండి. గడికి తగిలించిన తీగ నిండు వోల్టేజీకి లేచిందంటే ఆ ఛార్జి తిరిగి గడిలోకే పోతోందన్నమాట. ఒలికిపోయింది మళ్ళీ నిండిపోయింది, అదీ ముందుకన్నా బాగా. చదవడం, తిరిగి రాయడం, కారిపోయినదాన్ని నింపడం, మూడూ ఒకే కదలిక. లోపాలు రెండూ ఒక్క దెబ్బకు తీరాయి. దీన్ని బోర్డు మీద గీసిన ప్రతిసారీ నా చేయి కాసేపు ఆగుతుంది.

ఒక్క గడిని విడిగా తెరవడం కుదరదు. అడ్డు వరుస మొత్తానికి ఒకే తలుపు. ఇళ్ళలో వాడే మామూలు డీడీఆర్5 చిప్‌లో ఒక అడ్డు వరుసకు 8,192 బిట్లుంటాయి. మనం అడిగింది ఒక్క అక్షరమే అయినా 8,192 త్రాసులు ఒకేసారి ఊగి నిలవాలి.

ఇక్కడే రెండో ఉపాయం, దానితోపాటు ఒక పోటీ. 1970లో ఇంటెల్ 1103 అనే 1,024 బిట్ల చిప్ తెచ్చి, ఛార్జిగా బిట్లు దాచే ఈ రకం ర్యామ్‌ను, అంటే డీర్యామ్‌ను, మొదటిసారి పెద్ద ఎత్తున అమ్మింది. అందులో బిట్టుకు మూడు ట్రాన్సిస్టర్లు. తరవాతది 4,096 బిట్ల చిప్. అందులో ఒక గడి చిరునామా చెప్పాలంటే 12 తీగలు కావాలి. ఇంటెల్, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 22 పిన్నుల చిప్‌లు చేశాయి. టెక్సస్ రాష్ట్రంలోనే మాస్టెక్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ ప్రీబ్‌స్టింగ్ అనే ఇంజనీరు 16 పిన్నులు చాలన్నాడు. చిరునామాను రెండు ముక్కలు చేసి, ఆరే తీగల మీద ఒకదాని తరవాత ఒకటి పంపితే సరి. ముందు అడ్డు వరుస ఏదో చెప్పాలి, తరవాత నిలువు వరుస.

రెండుసార్లు పంపితే ఆలస్యం కాదా? పోటీదారులకు నమ్మకం కలగనిది అక్కడే. మనం ఇప్పుడే చూసిన త్రాసును ఒకసారి తలచుకుంటే జవాబు దొరుకుతుంది. అడ్డు వరుస తెలిసిన వెంటనే తలుపు తెరవవచ్చు. త్రాసులన్నీ నిలిచేదాకా నిలువు వరుస తెలిసినా చేసేదేమీ లేదు. ఆ ఖాళీ సమయంలో రెండో ముక్క తాపీగా వచ్చి చేరుతుంది. తాసిల్దారు ఆఫీసు రికార్డు గదిలో కూడా అంతే కదా. ముందు ఏ కట్టో చెబుతాం. అటెండరు కట్ట దించి, దారం విప్పేలోపు పేజీ నంబరు చెబితే సరిపోతుంది. 1973లో మాస్టెక్ ఎంకే4096 వచ్చింది. పిన్నులు తగ్గితే చిప్ చిన్నదవుతుంది, బోర్డు మీద ఎక్కువ పడతాయి, ఖర్చు దిగుతుంది. తరవాతి 16 వేల బిట్ల తరానికి ఇంటెల్‌తో సహా అందరూ ఆ 16 పిన్నుల దారిలోకే వచ్చారు.

అడ్డు వరుస చిరునామా వచ్చిందని చెప్పే సంకేతానికి రాస్ అని, నిలువు వరుసకు కాస్ అని పేర్లు పెట్టారు. ఆ అమ్మాయి అడిగిన సీఎల్‌లో సీ అంటే ఆ కాసే, కాస్ లేటెన్సీ. పిన్నుల పొదుపు కోసం పుట్టిన మాట యాభై ఏళ్ళ తరవాత సీటీసీలో డబ్బా మీద అచ్చయి ఉంది.

ఆ తరవాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఒకసారి తెరిచిన అడ్డు వరుసను మూయకుండా వరసగా నిలువు వరుసలు అడిగే పద్ధతి వచ్చింది. 90లలో చిప్ గడియారంతో అడుగు కలిపింది, ఎస్‌డీర్యామ్ అయింది. గడియారపు రెండు అంచుల మీదా బిట్లు పంపితే డీడీఆర్ అయింది. 2000లో ఇంటెల్ తన పెంటియమ్ 4కి రాంబస్ అనే కంపెనీ రూపొందించిన మెమరీని ముందుకు తోసింది. అది సన్నని దారిలో మహా వేగంగా పరుగెత్తేది, కానీ ఖరీదు ఎక్కువ, వేడెక్కేది. రెండేళ్ళు తిరక్కుండానే డీడీఆర్ గెలిచింది. తరవాత 2, 3, 4, 2020లో డీడీఆర్5 ప్రమాణం. వేగం పెరిగింది లోపలి గడుల వల్ల కాదు. ఒక్కసారి అడిగితే మొదటి డీడీఆర్‌లో తీగకు రెండు బిట్లు బయటికి తెచ్చేవారు, డీడీఆర్5లో పదహారు తెస్తున్నారు. అటెండరు నడక మారలేదు, ఒక్క మోతకు తెచ్చే కాగితాలు పెరిగాయి. ఆ పది నానోసెకన్ల మొండితనం అక్కడిది.

ఇక ఆ డబ్బా మీది అంకెల సంగతి. 6000 స్టిక్కు మీద 30-38-38-96 అని ఉందనుకుందాం. 6000 అంటే గడియారం 3000 మెగాహెర్ట్జ్, ఒక్కో టిక్కు నానోసెకనులో మూడో వంతు. మొదటి 38 అంటే అడ్డు వరుస తెరిచాక త్రాసులు నిలిచేదాకా ఆగాల్సిన కాలం, 12.7 నానోసెకన్లు. 30 అంటే నిలువు వరుస చెప్పాక బిట్లు బయటికి రావడానికి పట్టేది, 10. రెండో 38 అంటే ఆ వరుస మూసి తీగలను మళ్ళీ సగానికి తెచ్చే కాలం, మరో 12.7. 96 అంటే గడులు తిరిగి నిండేదాకా వరుసను తెరిచి ఉంచాల్సిన కనీస కాలం, 32. వేరే వరుస తెరిచి ఉన్నప్పుడు కొత్త వరుసలోది అడిగితే మూయడం, తెరవడం, తేవడం కలిసి 35 నానోసెకన్లు దాటుతాయి. అందుకే సీఎల్ ఒక్కటే చూసి కొనవద్దని మా పిల్లలకు చెబుతాను. నాలుగంకెలూ చూడాలి.

వాళ్ళు ఎంచుకున్న ప్రాసెసర్ ఏఎండీ రైజెన్. అందులో మెమరీని నడిపే కంట్రోలర్ 3000 మెగాహెర్ట్జ్ దాకా మెమరీ గడియారంతో సమానంగా హాయిగా నడుస్తుంది. 7200 పెడితే సాధారణంగా సగం వేగానికి దిగాలి, అప్పుడు పైన వచ్చిన లాభం అక్కడే పోతుంది. కాబట్టి 6000 సీఎల్30 కొనమన్నాను. అదీ నాలుగు స్టిక్కులు కాదు, 32 జీబీవి రెండే. నాలుగు పెడితే ఒక్కో తీగ మీద బరువు పెరిగి వేగం బాగా దించాల్సి వస్తుంది. వీడియో పనికి వేగంకన్నా ముందు చోటు కావాలి, 64 జీబీ ఉంటే ఆ బెంగ ఉండదు.

కంప్యూటర్‌ను మా ల్యాబులోనే బిగించాం. స్విచ్ వేశాక తెర నల్లగా ఉండిపోయింది. మదర్‌బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చోట నారింజ దీపం వెలిగింది. రెండు నిమిషాలైనా ఏమీ లేదు, ఆ అమ్మాయి అన్నయ్య ముఖంలో రంగు పోయింది. ఏమీ ముట్టుకోవద్దన్నాను. అది పాడవడం కాదు, శిక్షణ. ఏ సంకేతాన్ని ఏ క్షణంలో చూస్తే తప్పు పోకుండా ఉంటుందో బోర్డు ప్రతి తీగ మీదా వెతుక్కుంటోంది. ఇంకాసేపటికి తెర వెలిగింది. బయోస్‌లో ఎక్స్‌పో అనే అమరికను ఆన్ చేశాం. అది చేయకపోతే 6000 డబ్బులిచ్చి కొన్న స్టిక్కు ప్రమాణంలో ఉన్న తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది, చాలామంది ఇళ్ళలో అలాగే నడుస్తోంది.

"మొదటి 38ని 34 చేస్తే?" అంది ఆ అమ్మాయి. చేయమన్నాను. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం పెట్టాం. పావుగంటకు ఎర్రగా ఒక వరస పడింది. అందులో రాయమన్న అంకె ఒకటి, చదివినప్పుడు వచ్చిన అంకె ఒకటి. రెండూ పక్కపక్కనే పెట్టి వేలితో ఒక్కో స్థానం చూసుకుంటూ పోయింది. ఒకే ఒక్క స్థానంలో తేడా, దాన్ని విడదీస్తే ఒకే ఒక్క బిట్టు. లక్షల కోట్ల త్రాసుల ఊపుల్లో ఏదో ఒకటి ఇంకా నిలవకముందే మనం ముల్లు చదివేశాం.

తిరిగి 38 పెట్టి, పరీక్ష మొదలుపెట్టి, ల్యాబుకు తాళం వేసి వెళ్ళిపోయాం. పొద్దున ఎనిమిదింటికి నాకంటే ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. తాళం తీశాను. తెర మీద తప్పులు అన్న చోట సున్న ఉంది.