బిడ్డ బోర్లా పడే వేళకు పొత్తిగుడ్డ మానిపించడం ఎలా?

కాన్పు కాగానే బిడ్డను శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి మీ చేతికి ఇస్తాము. కడుపులో ముడుచుకొని పెరిగిన బిడ్డకు ఆ వెచ్చదనం హాయినిస్తుంది. కానీ ఆ గుడ్డను ఎప్పుడు తీసేయాలో చాలామందికి తెలియదు.

గూడూరు దగ్గర పల్లె నుండి ఒక తల్లి బిడ్డకు 14 వారాల టీకా వేయించడానికి వచ్చింది. "రాత్రి మెలకువ వచ్చి చూస్తే పాప చుట్టిన గుడ్డతోనే బోర్లా పడి ఉంది సిస్టర్. మూతి బొంతకు ఆనుకొని ఉంది. అవ్వ వెంటనే తిప్పింది" అని చెప్పి ఏడ్చింది. ఆ రాత్రి మెలకువ వచ్చింది గనుక బిడ్డ దక్కింది. చేతులు కట్టేసి ఉంటే బోర్లా పడిన బిడ్డ తల ఎత్తుకోలేదు, తిరిగి వెల్లకిలా కాలేదు. ఊపిరి ఆడక ప్రాణం పోవచ్చు.

ఎప్పుడు మానాలి?

బిడ్డ పక్కకు ఒరగడానికి, నడుము తిప్పడానికి ప్రయత్నించిన రోజే చుట్టడం పూర్తిగా ఆపండి. చాలామంది 3, 4 నెలలకు ఇలా చేస్తారు, కొందరు 2 నెలలకే మొదలుపెడతారు. అందుచేత 10 వారాల టీకా నాటికే మెల్లగా అలవాటు తప్పించడం మంచిది.

ఎలా మాన్పించాలి?

1. మొదటి 3, 4 రాత్రులు ఒక చేయి బయట ఉంచి చుట్టండి.
2. తరువాత 3, 4 రాత్రులు రెండు చేతులూ బయట ఉంచి, చంకల కింది నుండి వదులుగా చుట్టండి. కాళ్ళు మడిచి ఆడించుకోవడానికి చోటుండాలి. నిటారుగా బిగించి కడితే తుంటి కీలు దెబ్బతింటుంది.
3. ఆ తరువాత గుడ్డ తీసేసి, పలుచని నూలు జుబ్బా తొడిగి పడుకోబెట్టండి.

ఈ లోపల ఒరగడం మొదలుపెడితే మెట్లు లెక్కపెట్టకుండా ఆ రోజే గుడ్డ తీసేయండి.

నిద్రలో ఉలిక్కిపడితే?

చేతులు చాచి ఉలిక్కిపడితే దిష్టి తగిలిందనో, భయపడిందనో అనుకోకండి. అది పుట్టుకతో వచ్చే గుణం. 4 నుండి 6 నెలల మధ్య దానంతటదే పోతుంది. వెంటనే ఎత్తుకోకుండా ఎదమీద చేయి వేసి, మెల్లగా జోకొట్టండి. రోజూ ఒకే వరుసలో స్నానం, పాలు, మసక వెలుతురు, జోల పాట అలవాటు చేయండి. పూర్తిగా నిద్రపోకముందే పడక మీద వేస్తే తనంతట తాను నిద్రపోవడం నేర్చుకుంటుంది. వారం, రెండు వారాలు మారాం చేయవచ్చు. ఓర్చుకోండి.

జాగ్రత్తలు

• ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి. 1994లో అమెరికాలో ఈ మాట ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టిన తరువాత, నిద్రలో చనిపోయే పసిబిడ్డల సంఖ్య సుమారు సగానికి తగ్గింది.
• పడక చదునుగా, గట్టిగా ఉండాలి. దిండ్లు, మెత్తని బొంతలు, బొమ్మలు వద్దు.
• మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మెడ వెనుక చెమట పడితే బట్ట ఎక్కువైనట్టు.
• బోర్లా పడే బిడ్డను చీర ఉయ్యాలలో నిద్రకు వదలకండి. ముఖం గుడ్డలో మూసుకుపోవచ్చు, కింద పడవచ్చు.
• నిద్ర కోసమని దగ్గు మందు గానీ, మరే మందు గానీ పోయకండి.

బిడ్డ పెదవులు నీలంగా మారినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా, వాడిపోయి పాలు తాగకపోయినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

చివరగా ఒక మాట. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు పుట్టింటి నుండి అత్తగారింటికి వెళతారు. సరిగ్గా బిడ్డ ఒరిగే సమయమది. కొత్త ఇంట్లో బిడ్డ ఏడిస్తే ప్రేమకొద్దీ మళ్ళీ చుట్టేవారు ఉంటారు. అత్తగారికి, ఆడబిడ్డకు, బిడ్డ తండ్రికి ముందుగానే చెప్పండి. ఈ పేజీ చదివి వినిపించండి. బోర్లా పడితే బొబ్బట్లు పంచుకొనే ఇళ్ళు మనవి. ఆ సంతోషం రావాలంటే అప్పటికే బిడ్డ చేతులు బయట ఉండాలి.