నాన్న బండికి సైడు బాక్సులు

మా నాన్న ఎలక్ట్రీషియన్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ దాకా, ఎక్కడ పని ఉంటే అక్కడికి పాత హండ్రెడ్ సీసీ బండి మీదే వెళ్తాడు. డ్రిల్లింగ్ మెషీన్, వైర్లు అన్నీ సంచిలో వేసి హ్యాండిల్‌కి తగిలించేవాడు. హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంటే నాకు భయమేసి రెండు ప్లాస్టిక్ టూల్ బాక్సులు కొన్నా. కొనడం తేలికే. వాటిని బండికి పట్టి ఉంచే స్టాండు చేయడంలోనే ఉంది అసలు కథ.

నేను చేసిన మొదటి స్టాండు మూడో రోజే విరిగింది. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర బాక్సు ఊడి రోడ్డు మీద పడింది. వెనక ఆటో అతను టైముకి బ్రేకు కొట్టాడు కాబట్టి సరిపోయింది. నాన్న నన్నేమీ అనలేదు. మర్నాడు మళ్లీ సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

తప్పెక్కడంటే, పట్టీ పై చివర ఫ్రేముకి, కింది చివర వెనక ఫుట్‌రెస్టు బోల్టుకి బిగించా. కొన్ని పాత బండ్లలో, మా బండిలో కూడా, ఆ ఫుట్‌రెస్టు ఉండేది స్వింగ్ ఆర్మ్ మీద. వెనక చక్రాన్ని పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా పైకీ కిందకీ కదిలే ఇనుప చేయి అది. అంటే పట్టీని ఒక పక్క కదలనిదానికి, ఇంకో పక్క కదిలేదానికి కట్టానన్నమాట. మీరూ చేస్తుంటే ముందు సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టి ఊగమనండి. సీటుతో పాటు కదిలేది ఫ్రేము, చక్రంతో పాటు ఉండిపోయేది స్వింగ్ ఆర్మ్. షాకబ్జార్బర్ పై బోల్టు పనికొస్తుంది, కింది బోల్టు వద్దు.

శారీ గార్డుకి కట్టేద్దామని కూడా అనిపిస్తుంది. అది కొంగు చక్రంలో పడకుండా ఆపడానికి, బరువు మోయడానికి కాదు. మోటారు వాహనాల రూల్ 123 ప్రకారం దాన్ని తీసేయడానికీ లేదు.

విరిగిన ముక్క కొత్తపేటలో ఒక వెల్డింగ్ అన్నకి చూపించా. "తమ్మీ, ఇది బరువుకి ఇరగలే, ఊపుకి ఇరిగింది" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేశా. బాక్సు 8 కిలోలు, దాని బరువు ఫ్రేముకి 20 సెంటీమీటర్లు బయట ఉంది. బోల్టు దగ్గర దాదాపు 16 న్యూటన్ మీటర్ల మెలి. గుంతలో అది మూడు రెట్లయిందనుకున్నా 48. ఒక్కసారికి ఇనుముకేం కాదు. కానీ వైరుని అటూ ఇటూ వంచితే తెగుతుంది కదా, అదే సంగతి. పగులు మొదలయ్యేది బోల్టు రంధ్రం అంచున, వెల్డింగ్ పక్కన, లేదా కోసుగా వంచిన చోట. నేను పట్టీని సుత్తితో తొంభై డిగ్రీలకి వంచి, సరిగ్గా ఆ మూలలోనే రంధ్రం కొట్టా!

రెండోసారి ముందు కిరాణా షాపు అట్టపెట్టె కోసి నమూనా చేశా. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని పైపు మీద గుండ్రంగా వంచాం. పక్కకి రెండేసి బోల్టులు, రెండూ ఫ్రేముకే. అన్నీ 8 మిల్లీమీటర్లవి, నైలాక్ నట్టులతో. అన్నిటికంటే పనికొచ్చింది అన్న చెప్పిన అడ్డ పట్టీ. రెండు స్టాండ్ల కింది చివరలను చక్రం వెనక నుంచి, నంబర్ ప్లేటు కింద కలిపాడు. దాంతో బాక్సులు రెక్కల్లా ఊగడం ఆగిపోయింది. చక్రం పూర్తిగా పైకి లేచినా దానికి తగలకూడదు, ఇండికేటర్లు కనబడాలి, సైలెన్సర్‌కీ ప్లాస్టిక్ బాక్సుకీ మధ్య బాగా ఖాళీ ఉండాలి. వెడల్పు మాత్రం హ్యాండిల్ దాటనివ్వకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సుకీ మెట్రో పిల్లరుకీ మధ్య దూరేటప్పుడు మనం చూసుకునేది హ్యాండిల్‌నే. వెల్డింగ్ పనంతా స్టాండుని బండి నుంచి విప్పే చేయించండి. బండి మీదే చేస్తే వైరింగ్‌కి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లయితే ఈసీయూకి కూడా దెబ్బ.

చివర్లో అక్క నెయిల్ పాలిష్ తీసుకుని ప్రతి నట్టు మీద నుంచి పట్టీ మీదకి ఒక గీత గీశా. గీత విడిపోతే నట్టు తిరిగినట్టు. ఇప్పుడు నాన్న పొద్దున్నే బండి తీసేముందు వంగి ఆ ఎర్ర గీతలు చూసుకుంటాడు. హ్యాండిల్‌కి సంచి ఇంకా ఉంది. అందులో టిఫిన్ డబ్బా ఒక్కటే.